బావ తిరిగి చెప్పిన మాటలు

మా బావ స్టేషన్ మాస్టరు. డోర్నకల్ దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్‌లో పదకొండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాడు. పక్షవాతం వచ్చింది కూడా ఆ కుర్చీలోనే, ఒక ఉదయం పూట, చేతిలో ఫోను ఉండగానే.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. రైలు ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు కదలాలంటే ఇద్దరు మాస్టర్లు ఫోన్‌లో మాట్లాడుకోవాలి. లైను ఖాళీగా ఉందా అని ఒకరు అడుగుతారు. ఉందని రెండోవారు చెప్పి, దానితోపాటు ఒక అంకె ఇస్తారు. విన్నవారు ఆ అంకెను తిరిగి చెప్పాలి. చెప్పినది సరిపోతేనే బండి కదులుతుంది. ఆ రోజు అవతలి మాస్టరు అంకె ఇచ్చాడు. మా బావ తిరిగి ఏదో అన్నాడు గానీ అది అంకె కాదు. రెండోసారి ఇచ్చాడు. ఈసారి మాట కూడా కాదు, నోట్లో నీళ్ళున్నట్టు ఏదో శబ్దం. మూడోసారి అడగకుండా అవతలి మాస్టరు బండిని ఉన్నచోటే ఆపమని చెప్పి, మా బావ దగ్గర పట్టాలు మార్చే పని చేసే పాయింట్స్‌మన్‌కు సెల్ చేసి, లోపలికి పోయి మీ సారును చూడమన్నాడట. బండి కాసేపు ఆలస్యమైంది. మా బావ ప్రాణాలతో వరంగల్ దవాఖానకు చేరాడు.

పదహారు రోజుల తర్వాత డిశ్చార్జి చేశారు. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనంగా ఉన్నాయి. మాట మాత్రం పూర్తిగా పోయింది. మాటలు నేర్పే మేడమ్ నేనుండే హనుమకొండలోనే ఉండేది కాబట్టి అక్కా బావా నా దగ్గరికే వచ్చారు. నేను ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను, ఒక్కదాన్నే ఉంటాను. మేడమీద మూడు గదుల వాటా. ఆ మెట్లు ఎక్కించడానికి మొదటిరోజు నలుగురు పట్టారు.

మాట పోవడమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. తనేం చెప్పాలనుకుంటున్నాడో ఆయనకూ తెలుసు. నోటిదాకా వచ్చేసరికి ఆ మాట ఉండదు. అన్నిటికీ ‘అదే’ అనేవాడు. నీళ్ళకు అదే, దుప్పటికి అదే, అక్కను పిలవడానికి అదే. మేం ఒక్కొక్కటే తెచ్చి చూపించేవాళ్ళం. చెంబు కాదు. కండువా కాదు. కళ్ళజోడు కాదు. ఆఖరికి ఆయనే చెయ్యి ఊపి వద్దనేవాడు. ఫ్యాన్ తగ్గించమని అడుగుతున్నాడని గంట తర్వాత తెలిసేది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆయనకు చెవుడున్నట్టు గట్టిగా మాట్లాడేవారు. కొందరు ఆయన ముందే, ఆయన అక్కడ లేనట్టు, సారుకు అన్నం తినిపిస్తున్నారా అని అక్కను అడిగేవారు. నెల తిరిగేసరికి బెల్ మోగితే చాలు, బావ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

మేడమ్ మంచి మనిషి, ఓపికగలది. వారానికి మూడురోజులు ఆటోలో తీసుకువెళ్ళేవాళ్ళం. దువ్వెన, గ్లాసు, పిల్లి, గొడుగు బొమ్మలున్న అట్టలు ముందు పెట్టి పేర్లు చెప్పించేది. ఒకరోజు బావ ఆ అట్టలన్నీ ఎడమచేత్తో దగ్గరికి చేర్చి, ఆటలో ఓడిపోయినవాడు పేకముక్కలు సర్దినట్టు సర్ది, ఆమె వైపు నెట్టేశాడు. కోపంగా కాదు. యాభైనాలుగేళ్ళ మనిషి, వేలమందిని మోసుకుపోయే బండ్లకు దారి ఇచ్చిన మనిషి, పిల్లి బొమ్మ ముందు కూర్చోలేకపోయాడు. మేడమ్‌కు అది అర్థమైంది. ఆ రోజు ఇంకేమీ చేయించలేదు.

ఆ ఆదివారమే చర్చిలో ఒక విషయం జరిగింది. అక్క పట్టుబట్టి బావను ఆరాధనకు తీసుకువచ్చింది. చివరి వరుసలో కూర్చున్నాం. అందరూ లేచి రోజూ చెప్పుకునే ప్రార్థన చెబుతుంటే, నా పక్కన బావ గొంతు వినిపించింది. తడబాటు లేదు. మొదటి మాట నుంచి ఆమెన్ దాకా మొత్తం చెప్పాడు. అక్క ప్రార్థన ఆపేసి ఆయన నోటివైపే చూస్తోంది. అయిపోయాక ఆమె ఆశగా, “ఇంటికి పోదమా?” అని అడిగింది. బావ నోరు తెరిచి, “అదే” అన్నాడు.

సోమవారం మేడమ్‌ను అడిగాను. ఏళ్ళ తరబడి ఒకే వరుసలో చెప్పిన మాటలు తలలో వేరేచోట దాగుంటాయని, వెతుక్కుని చెప్పే మాటలు పోయినా అవి చాలామందికి మిగులుతాయని చెప్పింది. ప్రార్థన, లెక్కపెట్టడం, వారాల పేర్లు. వాటిని పట్టుకుని మిగతావాటి దగ్గరికి నడవొచ్చంది. అందరికీ ఒకేలా పని చేస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పింది.

ఇక నా సంగతి. చాలాఏళ్ళ క్రితం ఒక ట్రైనింగ్‌కు ఢిల్లీ వెళ్ళాల్సి వచ్చి మొదటిసారి విమానం ఎక్కాను. దిగేదాకా ముందు సీటు పట్టుకునే ఉన్నాను. అంత భయం ఎందుకో తెలుసుకోవాలని తిరిగొచ్చి కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ పెట్టుకున్నాను. భయం పోయింది గానీ అలవాటు ఉండిపోయింది. నిజం చెప్పాలంటే నాకు నడపడం మీదకన్నా, కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్ గొంతు మీదే ఇష్టం. ఆకాశంలో మనం ఎక్కడున్నామో తెలిసిన మనిషి ఒకరున్నారన్న ధైర్యం ఆ గొంతులో ఉంటుంది. నా సిస్టమ్‌లో ఆ గొంతును కూడా ఒక సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. మనం మైక్‌లో ఇంగ్లీషులో మాట్లాడితే అది విని జవాబు చెబుతుంది.

అందులో మొదటి మెట్టు క్లియరెన్స్. ఎక్కడికి పోతున్నామో, ఊరు దాటేదాకా ఏ దారిన తిరగాలో, మొదట ఎంత ఎత్తుకు ఎక్కాలో చెప్పి, రాడార్‌లో మనల్ని గుర్తుపట్టడానికి నాలుగంకెల కోడ్ ఇస్తారు. అదంతా మనం ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. తప్పు చెబితే కంట్రోలర్ మళ్ళీ మొదటినుంచి చెబుతాడు. సరిగ్గా చెప్పేదాకా విమానం గేటు దగ్గరే.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ముందుగదిలో సిమ్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాను. బావ వెనక మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. స్పీకర్లో కంట్రోలర్ క్లియరెన్స్ చదివాడు. నేను బటన్ నొక్కేలోపు వెనకనుంచి వినబడింది.

“ఫోర్... టూ... సిక్స్... వన్.”

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతాడేమోనని భయం. ఆ అంకెలు సరైనవే. విమానాన్ని గేటు దగ్గరే వదిలి, ప్రోగ్రామ్ మూసి, మళ్ళీ తెరిచాను. కొత్త క్లియరెన్స్, కొత్త కోడ్. మళ్ళీ వెనకనుంచి నాలుగంకెలు వచ్చాయి. మూడోసారికి మంచం కిర్రుమంది. బావ లేచి కూర్చుని ఉన్నాడు.

మర్నాడు నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాను. క్లియరెన్స్ వరుసను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించాను. మాట్లాడే బటన్ ఆయన ఎడమచేతి కింద పెట్టాను. విమానం నాది, రేడియో ఆయనది. మొదటి వారం అంకెలు తప్ప మరేం రాలేదు. తర్వాత ఊరి పేరు వచ్చింది. దారిలోని మలుపులకు ఐదు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లుంటాయి. వాటికి ఏ భాషలోనూ అర్థం ఉండదు. అవి మాత్రం ఆయన నాలుకకు అందేవి కావు. తప్పు చెప్పేవాడు. సాఫ్ట్‌వేర్ అదే గొంతుతో మళ్ళీ మొదటినుంచి చెప్పేది. ఒకరోజు పద్నాలుగుసార్లు చెప్పింది. నేనైతే నాలుగోసారికి నా ముఖంలో ఏదో ఒకటి కనబడనిచ్చేదాన్ని, అక్కైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ గొంతుకు జాలి లేదు, విసుగూ లేదు. దాని ముందు తప్పు చెప్పడానికి బావ సిగ్గుపడలేదు.

విమానాల మీద ఆయనకు ఏ మోజూ లేదు. పద్ధతి మీదే ధ్యాస. ఒకసారి నేను తొందరలో క్లియరెన్స్ తిరిగి చెప్పకముందే విమానాన్ని గేటు నుంచి వెనక్కి తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అంత కోపం దవాఖాన నుంచి వచ్చాక ఆయన ముఖంలో చూడలేదు. నాకు సంతోషం వేసింది.

రెండు నెలల్లో బయల్దేరడం, దిగడం రెండూ పట్టుకున్నాడు. దిగేటప్పుడు మెట్లు మెట్లుగా ఎత్తు తగ్గిస్తారు, వేగం తగ్గిస్తారు, ఒక కంట్రోలర్ నుంచి ఇంకో కంట్రోలర్‌కు అప్పజెప్తారు. ప్రతి మెట్టు దగ్గరా తిరిగి చెప్పాలి. బావ చెప్పేవాడు, నెమ్మదిగా, ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకుంటూ. మేడమ్‌కు ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే, ఇంకో రెండుసార్లు పెట్టించుకుని వింది. అయితే ఇంట్లో నీళ్ళు కావాలంటే ఇంకా ‘అదే’.

అక్కడే నేను తొందరపడ్డాను. ఇంటర్నెట్‌లో మనుషులే పైలట్లుగా, మనుషులే కంట్రోలర్లుగా కలిసి ఆడే ఒక నెట్‌వర్క్ ఉంది. అందరూ సరదాకు వచ్చేవాళ్ళే. సాఫ్ట్‌వేర్‌తో ఇంత వచ్చిందంటే మనుషులతో ఇంకెంత వస్తుందో అనుకున్నాను. మేడమ్‌ను అడగలేదు, అక్కకు చెప్పలేదు. ఒక శనివారం సాయంత్రం, బాగా రద్దీ ఉండే వేళ, హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానం పెట్టి బావకు మైక్ ఇచ్చాను.

కంట్రోలర్ ఒక ఆడమనిషి. క్లియరెన్స్ స్పష్టంగా ఇచ్చింది. బావ మొదలుపెట్టాడు. ఊరి పేరు చెప్పాడు. దారి పేరు దగ్గర ఆగాడు. ఆగినా బటన్ వదల్లేదు. ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే మిగతా ఎవ్వరూ మాట్లాడలేరు. కొన్ని సెకన్లు గడిచాయి. నేను అందించబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ ఆగాడు, బటన్ వదిలాడు. అంతే, అవతలినుంచి ఎవరిదో కుర్ర గొంతు, తాగొచ్చినోణ్ణి ఎవరన్నా తీసెయ్యండి అని ఇంగ్లీషులో అని నవ్వింది.

బావ హెడ్‌సెట్ తీశాడు. తీగ చుట్టి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

వంటగదిలోంచి అక్క వచ్చింది. ఏం జరిగిందో చెప్పాను. ఆమె అరవలేదు. “ఆయిన జర మనిషైతాండు అనుకున్న. నీ ఆటల్లకు ఎందుకు గుంజినవే?” అంది.  నిజంగానే, ఆయన బాగుపడాలని ఎంత ఉందో, నేను బాగుచేశానని అనిపించుకోవాలని కూడా అంతే ఉందని ఆ రాత్రి నాకు తెలిసింది.

పది రోజులు బావ ముందుగదిలోకి రాలేదు. అంకెలు కూడా పలకలేదు. మేడమ్ దగ్గరికి రానన్నాడు.

మూడోరోజు నేను ఆ కంట్రోలర్‌కు ఉత్తరంలా పెద్ద మెసేజ్ రాశాను. అందరూ మాట్లాడే రేడియో లైనును, అంటే ఫ్రీక్వెన్సీని, ఆపినందుకు క్షమాపణ చెప్పి, ఆయన ఎవరో, ఆయనకు ఏమైందో రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆమెది కోయంబత్తూరు, ఇంట్లోంచే ఏదో ఆఫీసు పని చేస్తుందట. నవ్విన కుర్రవాడిని ఆ సాయంత్రమే తన ఫ్రీక్వెన్సీ నుంచి పంపేశానని రాసింది. ఆయన చెప్పినంతవరకు ఒక్క తప్పు కూడా లేదని, నెమ్మదిగా చెప్పకూడదని ఏ రూల్‌లోనూ లేదని రాసింది. బుధవారం పొద్దున తన ఫ్రీక్వెన్సీలో ఎవ్వరూ ఉండరట. చివర్లో ఇలా ఉంది: మీ క్లియరెన్స్ ఇచ్చాను గానీ తిరిగి చెప్పడం పూర్తికాలేదు, నా లిస్టులో అది ఇంకా అలాగే ఉంచాను.

ఆ మెసేజ్‌ను బావకు ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించాను. బతిమాలితే రాడు. ధైర్యం చెబితే అసలు రాడు. ఉన్నదే చెబుదామని వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

“బావా, ఆ కంట్రోలర్ మేడమ్ రాసింది. మన క్లియరెన్స్ ఇంక ఓపెనే ఉన్నదంట. తిరిగి చెప్పకపోతిమి కదా. క్యాన్సిల్ చెయ్యలేదంట.”

ఆయన గోడవైపే చూస్తున్నాడు. నేను లేచి వచ్చేశాను. దారి ఇచ్చాక దాన్ని అటూ ఇటూ కాకుండా వదిలేయడం స్టేషన్ మాస్టరు ఓర్చుకోలేని విషయమని నాకు అప్పటికి అంత బాగా తెలియదు. బుధవారం పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎడమచేత్తోనే గుండీలు పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టాను. అక్క గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రానంది. కోయంబత్తూరు మేడమ్ ఆ శనివారం నాటి క్లియరెన్స్‌నే మళ్ళీ ఇచ్చింది. బావ దారి పేరు దగ్గర ఆగాడు. ఆగి, బటన్ వదిలాడు. ఆమె అలాగే ఆగింది. నేను గడియారం చూడలేదు కాబట్టి ఎంతసేపో చెప్పలేను. మళ్ళీ నొక్కి, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. “రీడ్‌బ్యాక్ కరెక్ట్,” అంది ఆమె. రోజూ వందమందికి చెప్పే మాటలాగే అంది. అందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

విమానం లేచింది. ఒక్కో మలుపు తిరుగుతూ తూర్పుకు పోయింది. ఇరవై నిమిషాల తర్వాత కింద పొలాల మధ్య సన్నటి గీత కనిపించింది. మ్యాప్‌లో చూస్తే మేం డోర్నకల్ మీదికి వచ్చాం. ఆ సిమ్యులేటర్‌లో రైలు పట్టాలు కూడా వేసి ఉంటాయి. ఒక గీత వచ్చి రెండుగా చీలుతోంది. బావ ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టాడు.

“మన లైను,” అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఏ కాగితం మీదా లేదు. ఎవరో చెబితే తిరిగి చెప్పింది కూడా కాదు. ఐదు నెలల్లో ఆయన సొంతంగా వెతుక్కుని తెచ్చుకున్న మొదటి మాట అది. నేను విమానం సంగతి మరిచిపోయాను. అక్క లోపలికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, “అవును, మన లైనే,” అంది. ఆయన వేలు గీత వెంట కొద్దిగా జరిపి ఇంకోచోట ఆపాడు. అది తన స్టేషన్ అయివుంటుంది. దాని పేరు ఆ రోజు రాలేదు. మరో మూడు వారాలకు వచ్చింది.

ఆ వేళ వేరే కంట్రోలర్లు లేరు, విశాఖపట్నం దగ్గర సముద్రం మీదికి తిప్పి దింపింది కూడా ఆమే. దిగడానికి ఇచ్చిన మాటలన్నీ ఆయనే చెప్పాడు. ఒక ఎత్తు తప్పు చెబితే ఆమె సరిదిద్దింది, ఆయన సరిగ్గా చెప్పాడు. నేను బావ వైపే చూస్తుండడంతో విమానం కొంచెం ఎగిరి నేల మీద పడింది. చివర్లో ఆమె గుడ్ డే అంటే, కాగితంలో దానికి రాసిన జవాబు పక్కనపెట్టి బావ, “థాంక్యూ అమ్మా,” అన్నాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని చెప్పను. కొన్ని వారాలు ఒక్క కొత్త మాట కూడా వచ్చేది కాదు. కొన్ని రోజులు అక్కను నా పేరుతో, నన్ను అక్క పేరుతో పిలిచేవాడు. బొమ్మల అట్టల దగ్గరికి కూడా తనంతట తనే తిరిగి వెళ్ళాడు. పిల్లి, గొడుగు, దువ్వెన. మేడమ్ చేయించిన ఆ కసరత్తు లేకపోతే నా సిమ్యులేటర్ ఒక్కటే ఏమీ చేసేది కాదు. బుధవారాలు మాత్రం ఏడాదిపాటు ఆగలేదు.

ఆ తర్వాత ఆయనే మానేశాడు. అక్కా బావా తిరిగి డోర్నకల్ వెళ్ళిపోయారు. మళ్ళీ బండ్లకు దారి ఇచ్చే పని ఆయనకు ఇవ్వరు, ఇవ్వకూడదని ఆయనే అంటాడు. అక్కడి రైల్వే ఆఫీసులో పాత రిజిస్టర్లు చూసే పని ఇచ్చారు. ఇప్పుడు పక్క బల్లవాడితో, కూరగాయల ఆమెతో, అక్కతో మాట్లాడతాడు. అక్కతో పోట్లాడతాడు కూడా, మాట దొరక్కపోతే ఆమెనే అడిగి తీసుకుని మరీ పోట్లాడతాడు. మనుషులు దొరికాక విమానాలతో పనేముంది. బుధవారం పొద్దున ఆ రెండో కుర్చీ ఖాళీగా ఉంటే కొన్నాళ్ళు నాకు వెలితిగా అనిపించింది. ఆ మాట బావతో ఎప్పుడూ అనలేదు.

పోయిన నెల మాటలు నేర్పిన మేడమ్ ఆయనకు ఫోన్ చేసి ఒక సాయం అడిగింది. వరంగల్ ధాన్యం మార్కెట్‌లో వ్యాపారం చేసే ఒక పెద్దమనిషికి అలాగే మాట పోయిందట. ఎవరితోనూ కలవడం లేదట. బావ శనివారం పొద్దున బండికి వచ్చాడు. స్టేషన్ నుంచి నేనే ఆటోలో తీసుకువెళ్ళాను. ఏం చెబుతాడోనని నాకు కుతూహలంగా ఉంది.  వెళ్ళి, మేడమ్ గది బయట ఎదురుచూస్తున్న ఆ పెద్దమనిషి పక్క కుర్చీలో కూర్చున్నాడు. తన సంగతి ఎత్తలేదు, బాగైపోతుందని అనలేదు.

కాసేపటికి ఆ పెద్దమనిషి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎదురుగా కూర్చున్న భార్య నీళ్ళా, బాత్రూమా, ఇంటికి పోవాల్నా అని వరసగా అడుగుతోంది. బావ ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి ఆమెను ఆపాడు.

“చెప్తాండు... అమ్మా. మీరు... జర ఆగుండ్రి.”

ఆమె ఆగింది. మేం ముగ్గురం ఆ పెద్దమనిషి వైపు చూస్తూ కూర్చున్నాం.